గోడకు రాసిన స్లైడు, అరచేతిలో తెర

దాళ్వా (రబీ వరి) ఊడ్పులకు ముందు గోదావరి డెల్టాలో రైతు శిక్షణలు జరిగే తీరు చాలావరకు ఒక్కటే. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలోనో పంచాయతీ కార్యాలయంలోనో తెల్లగోడ మీద ప్రొజెక్టరు వెలుగు పడుతుంది. వ్యవసాయాధికారి ఒక్కో స్లైడునూ చూపిస్తూ విత్తన శుద్ధి నుంచి సుడిదోమ అనే పురుగు వరకు వివరిస్తారు. గంటన్నరలో సమావేశం ముగుస్తుంది, సాయంత్రానికి స్లైడ్ల ఫైలు ఊరి వాట్సాప్ గ్రూపులోకి చేరుతుంది. రైతుకు ఆ స్లైడుతో అసలైన పని పడేది మాత్రం సమావేశం జరిగిన పూట కాదు. నెలన్నర తర్వాత, పిలకలు వేసిన చేలో ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనబడిన రోజున, గట్టు మీద నిలబడి ఫోను తీసి ఆ ఫైలు తెరిచినప్పుడు పడుతుంది. ఆ క్షణంలో అది చదవడానికి ఏ మేరకు అనువుగా ఉంటుంది, అనువుగా లేకపోతే దానికి కారణాలేమిటి అన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

స్లైడు అన్నది మొదటి నుంచీ గోడ కోసం పుట్టిన వస్తువు. పవర్‌పాయింట్ తొలి రూపాన్ని రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో తయారు చేశారు. అది 1987లో మాకింతోష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది, అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. ఆ తొలి రూపం పని నలుపు తెలుపుల్లో పారదర్శక కాగితాలను సిద్ధం చేయడం. వాటిని ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పెట్టి గోడ మీద పెద్దవిగా చూపేవారు. తర్వాత 35 మిల్లీమీటర్ల రంగు స్లైడ్లు వచ్చాయి, ఆపైన కంప్యూటరుకు నేరుగా తగిలించే ప్రొజెక్టర్లు వచ్చాయి. సాధనాలు మారినా ఊహ మారలేదు. చీకటి చేసిన ఒక గది, ఎదురుగా పెద్ద తెర, తెర పక్కన నిలబడి మాట్లాడే మనిషి, వినడానికి కూర్చున్న జనం అన్న నాలుగింటిని స్లైడు ముందుగానే అనుకుని కూర్చుంటుంది. చేతిలో ఫోను పట్టుకున్న వ్యక్తి దగ్గర ఈ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు.

చేతిలో పట్టే కంప్యూటరులో స్లైడ్లు చూడాలన్న కోరిక స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. 1997 నాటి విండోస్ సీఈ 2.0 అరచేతి కంప్యూటర్లలోనే పవర్‌పాయింట్ ఫైళ్లను చూపించే చిన్న ప్రోగ్రాము ఉండేది. పెద్ద కంప్యూటరు నుంచి పంపేటప్పుడే ఆ ఫైలును తేలిక రూపంలోకి మార్చి ఎక్కించుకోవలసి వచ్చేది. 2000లో వచ్చిన పాకెట్ పీసీల తెర 240 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 320 చుక్కల ఎత్తు. 2005లో విండోస్ మొబైల్ 5.0తో పాటు వచ్చిన పవర్‌పాయింట్ మొబైల్ కూడా చూడటానికే తప్ప దిద్దడానికి పనికొచ్చేది కాదు. ఆ రోజుల్లో అసలు ఇబ్బంది చుక్కల కొరత. మామూలు ప్రొజెక్టరు 1024 అడ్డు చుక్కలు, 768 నిలువు చుక్కలతో బొమ్మ చూపిస్తే, అందులో పదో వంతు చుక్కలు కూడా అరచేతి తెరలో ఉండేవి కావు. అక్షరం ఎంత కష్టపడి చూసినా ముద్దగానే ఉండేది, ఎందుకంటే దాని గీతలను విడదీసి చూపడానికి చాలినన్ని చుక్కలే లేవు.

ఆ కొరత ఇప్పుడు తీరిపోయింది. 1080 అడ్డు చుక్కలున్న ఫోను నిలువుగా పట్టుకున్నా స్లైడును ఆరున్నర లక్షల చుక్కలతో చూపిస్తుంది, అంటే పాత ప్రొజెక్టరుకు దాదాపు దగ్గరగా వచ్చినట్టే. తీరనిది అంగుళాల కొరత. ఆరున్నర అంగుళాల ఫోను అనగానే తెర పెద్దదే అనిపిస్తుంది గాని, ఆ కొలత మూల నుంచి మూలకు తీసినది. ఇప్పటి పొడవాటి ఫోన్లలో తెర వెడల్పు 6.8 సెంటీమీటర్లే. 2013 నుంచి పవర్‌పాయింట్ తనంతట తాను ఇచ్చే స్లైడు కొలత 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు. సుమారు 34 సెంటీమీటర్ల ఆ వెడల్పు 6.8 సెంటీమీటర్లలోకి ఒదగాలంటే స్లైడు సరిగ్గా ఐదో వంతుకు కుదించుకుపోతుంది. తయారు చేసినవారు 24 పాయింట్లలో (పాయింటు అంటే అక్షరం సైజును కొలిచే ప్రమాణం) టైపు చేసిన అక్షరం నిలువు ఫోనులో 4.8 పాయింట్లు అవుతుంది, 18 పాయింట్లది 3.6 అవుతుంది. అచ్చు పుస్తకంలో 5 పాయింట్ల తెలుగు అక్షరం కూర్చడానికి ఏ ప్రెస్సువారూ ఒప్పుకోరు. ఫోనును అడ్డంగా తిప్పితే స్లైడు మూడో వంతుకు కొంచెం పైనే నిలుస్తుంది, 24 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లకు వస్తుంది. ఇందులో గమనించదగిన ఒక విశేషం ఉంది. పాతకాలపు 4:3 కొలతల స్లైడు 10 అంగుళాల వెడల్పే కనుక, నిలువు ఫోనులో అది కొత్త స్లైడు కంటే మూడో వంతు పెద్దగా కనబడుతుంది. వెడల్పాటి టీవీలకు, కొత్త ప్రొజెక్టర్లకు తగినట్టు స్లైడును సాగదీసిన మార్పు, నిలువుగా ఫోను పట్టుకుని చూసేవారికి మాత్రం నష్టమే చేసింది.

అయితే ఫోను కంటికి దగ్గరగా ఉంటుంది, గోడ దూరంగా ఉంటుంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కంటికి ఎంత కనబడుతుందన్నది వస్తువు పరిమాణం, దాని దూరం రెండూ కలిసి తేల్చే లెక్క. రెండు మీటర్ల వెడల్పున గోడ మీద పడిన స్లైడును ఆరు మీటర్ల దూరాన కూర్చుని చూస్తే కంటికి ఎంత కనబడుతుందో, అడ్డంగా తిప్పిన ఫోనును 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే దాదాపు అంతే కనబడుతుంది. అదే ఫోనును నిలువుగా పట్టుకుంటే, ఆ గదిలో పది మీటర్లు దాటి వెనక్కి వెళ్లి కూర్చున్నట్టు లెక్క. పంచాయతీ కార్యాలయపు గదులు అంత పొడవు ఉండవు. ఆ శ్రోత గుమ్మం దాటి వీధిలో నిలబడి చూస్తున్నట్టు అనుకోవాలి. తిప్పి చూసుకోవచ్చు కదా అంటే, చాలామంది ఫోన్లలో తెర తనంతట తాను తిరిగే వీలును ఆపి ఉంచుతారు, పడుకుని చూసేటప్పుడు చిరాకు పెడుతుందని.

దీనికి వయసు తోడవుతుంది. నలభై దాటిన కంటికి చత్వారం వస్తుంది, అంటే దగ్గరి వస్తువు మీద చూపు నిలపడం కష్టమవుతుంది. డెల్టాలో కమతం చూసుకునే రైతుల్లో, రొయ్యల చెరువు కౌలుకు చేసేవారిలో ఈ వయసువారు ఎందరో ఉన్నారు. వారికి గోడ మీది స్లైడు అద్దాలు లేకుండానే స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే దూరపు చూపుకు చత్వారం అడ్డు రాదు. అదే స్లైడు ఫోనులో చూడాలంటే చెయ్యి చాపి అర మీటరు దూరంలో పట్టుకోవలసి వస్తుంది, అప్పుడు అక్షరం ఇంకా చిన్నదవుతుంది. చదువుకునే కళ్లజోడు ఇంట్లో అలమరలో ఉంటుంది, చేలోకి ఎవరూ తీసుకురారు. సమావేశంలో అన్నీ చదివి తలూపిన మనిషే గట్టు మీద ఆ స్లైడును చదవలేకపోవడానికి కారణం అతని చదువు గాని శ్రద్ధ గాని కాదు, కంటికీ తెరకూ మధ్య ఉన్న దూరం మారిపోవడమే.

తెలుగు లిపి ఈ కుదింపును ఇంగ్లిషు లిపి కంటే ఎక్కువగా బాధపడి మోస్తుంది. ఇంగ్లిషు అక్షరాలు చాలావరకు ఒక వరుసలో నడుస్తాయి. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం వంటివి అక్షరం పైన ఉంటాయి, వత్తులు కింద వేలాడతాయి, నడుమ అసలు అక్షరం ఉంటుంది. ఒక పంక్తి ఎత్తును ఈ మూడు అంతస్తులు పంచుకోవాలి. 4.8 పాయింట్ల పంక్తి అంటే మొత్తం 1.7 మిల్లీమీటర్లు, అందులో మధ్య అక్షరానికి మిల్లీమీటరు కూడా దక్కదు, వత్తుకు దక్కేది అందులో సగం. 'థ'కూ 'ధ'కూ తేడా లోపలి చుక్క ఒక్కటే. 'కి'కీ 'కీ'కీ తేడా పైన ఒక చిన్న వంపు. మాట తెలిసినదైతే చదివేవారు సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు, కన్ను తప్పినా మనసు దిద్దుకుంటుంది. రసాయనం పేరు అలాంటిది కాదు. 'హెక్సాకొనజోల్', 'ప్రొపికొనజోల్', 'టెబుకొనజోల్' అన్న మాటల చివరి సగం ఒకేలా ఉంటుంది, మొదటి సగం ముద్దగా ఉంటే మిగిలేది ఊహే.

అంకెల దగ్గర ఆ ఊహకు కూడా చోటుండదు. వరిలో అగ్గి తెగులుకు ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలపాలని సిఫారసు. ఫోను తెర మీద ఆ దశాంశ బిందువు వెంట్రుక మందాన ఉంటుంది. ముందున్న సున్నా రాయకుండా '.6' అని వదిలేసిన స్లైడులో, బిందువు కనబడకపోతే చదివే అంకె 6; అంటే పది రెట్ల మందు. ఎకరానికి 200 లీటర్ల నీటి లెక్కన 120 గ్రాములు పోయవలసిన చోట కిలో రెండు వందల గ్రాములు అవుతుంది. అనుభవమున్న రైతు అంత మందు చూసి ఆగిపోతాడు, నిజమే. కొత్తగా కౌలుకు దిగిన కుర్రవాడు ఆగకపోవచ్చు. సిఫారసును 'లీటరుకు 0.6 గ్రా.' అని ఒక మూల పెట్టడం కంటే 'ఎకరానికి 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో' అని పెద్ద అంకెల్లో పెట్టడం మేలు, ఎందుకంటే 120 అన్న అంకెలో పోవడానికి బిందువు లేదు.

గోదావరి వరద సమాచారం ఇంతకంటే పదునైన ఉదాహరణ. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ప్రవాహం లెక్కన ఇవి వరుసగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ మూడు మట్టాలను అంకెలుగా చూస్తే తేడా ఒక్క స్థానంలోనే ఉంది: 1, 3, 7. మిగిలిన మూడు అంకెలూ ఒకటే. ఒకే స్లైడులో ఆరు నిలువు గడుల పట్టికగా, మండలాల వారీగా, ముంపు గ్రామాల సంఖ్యతో, పునరావాస కేంద్రాల వివరాలతో కలిపి పెడితే, నది పాయల నడుమ లంక గ్రామంలో ఉన్న మనిషి ఫోనులో ఆ ఒక్క అంకె ఏదో పోల్చుకోవలసి ఉంటుంది. 11 నుంచి 13 మధ్య ఇంటి సామాను సర్దుకునే వ్యవధి ఉంటుంది. 17 దాటితే పశువులను ఏటిగట్టు ఎక్కించే సమయం కూడా మిగలకపోవచ్చు. 1986 ఆగస్టు వరదనూ 2022 జూలై వరదనూ చూసిన లంక గ్రామాలకు ఈ అంకెల అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. అంకె కనబడితే చాలు.

పరిమాణం తర్వాతి చిక్కు ఫాంటు. డెల్టా పట్టణాల్లోని డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ తెలుగును అను ఫాంట్లలో టైపు చేసే అలవాటు బలంగా ఉంది. అన్ని భాషల లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలతో ప్రత్యేకమైన వరుస ఉంది; అక్కడ 'అ' అంటే ఏ యంత్రంలోనైనా 'అ'యే. పాత ఫాంట్ల పద్ధతి వేరు. అవి ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలను కూర్చి పెట్టుకుంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో అది చక్కని తెలుగు. ఆ ఫాంటు లేని ఫోనులో అదే ఫైలు ఇంగ్లిషు అక్షరాలు, విరామ చిహ్నాలు, విదేశీ గుర్తులు కలగలిసిన గందరగోళంగా తెరుచుకుంటుంది. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు డబ్బాలుగా కనబడిన రోజులు గుర్తున్నవారు, ఇదీ అదే జబ్బు అనుకుని ఫోనును తప్పుపడతారు. అప్పటి లోపం ఫోనుది, తెలుగు ఫాంటు లేకపోవడం వల్ల వచ్చినది. ఇప్పటి లోపం ఫైలుది. ఫోనుకు తెలుగు వచ్చు, ఫైలులో ఉన్నది మాత్రం తెలుగు కాదు.

యూనికోడ్‌లో టైపు చేసినా చిన్న చిక్కు ఒకటి మిగులుతుంది. విండోస్ కంప్యూటరులో గౌతమి, వాణి, నిర్మల వంటి తెలుగు ఫాంట్లు ఉంటాయి. అవి ఆండ్రాయిడ్ ఫోనులో ఉండవు, వాటి స్థానంలో నోటో కుటుంబపు ఫాంటు వస్తుంది. రెండు ఫాంట్లలో ఒకే వాక్యం ఒకే వెడల్పు పట్టదు. మామూలు వెబ్ పేజీలో ఇది సమస్య కాదు, వాక్యం కింది పంక్తికి జారిపోతుంది, పేజీ పొడవు పెరుగుతుంది. స్లైడు అలా పెరగదు. 2007 నుంచి పవర్‌పాయింట్ వాడుతున్న ఫైలు నిజానికి జిప్ చేసిన ఒక సంచీ; దాని లోపల ప్రతి పెట్టెకూ ఎడమ నుంచి ఎంత దూరం, పై నుంచి ఎంత దూరం, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు అన్నవి అంగుళాన్ని 9,14,400 భాగాలు చేసిన కొలతల్లో రాసి ఉంటాయి. అంత కచ్చితంగా మేకు కొట్టిన పెట్టెలో వెడల్పాటి ఫాంటు పడితే అక్షరాలు పెట్టె దాటి కింది బొమ్మ మీదికి పారతాయి. పెట్టెలో పట్టేలా అక్షరాలను తగ్గించే సౌకర్యం పవర్‌పాయింట్‌లో ఉంది గాని, ఎంత శాతం తగ్గించాలన్న లెక్కను అది తయారైన కంప్యూటరులో, అక్కడి ఫాంటుతో వేసి ఫైలులో రాసి పెడుతుంది. ఫోనులోని వేరే యాప్ ఆ లెక్కను వాడుకున్నా, ఫాంటు మారింది కనుక ఆ లెక్క తప్పుతుంది.

అందుకే అనుభవం మీద చాలామంది పీడీఎఫ్ పంపుతారు. అందులో అక్షరాల ఆకారాలు ఫైలులోనే ప్రయాణిస్తాయి కనుక అను ఫాంటులో చేసినదైనా ఫోనులో తెలుగుగానే కనబడుతుంది. అయితే పీడీఎఫ్‌లో కదలికలు ఉండవు. ఒక బొమ్మ తర్వాత ఒక బొమ్మ వచ్చి అదే స్థలంలో కూర్చునేలా చేసిన స్లైడులో, అవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అచ్చవుతాయి. పొడ తెగులు బొమ్మ మీద పాముపొడ లాంటి మచ్చల గురించిన మాటలు, వాటి మీద మందు పేరు పడి ఏదీ తెలియకుండా పోతుంది.

మరికొందరు గోడ మీది స్లైడునే ఫోనుతో ఫొటో తీసుకుంటారు, లేదా స్క్రీన్‌షాట్ పంపుతారు. వాట్సాప్ ఫొటోను మామూలుగా పంపితే కుదించి పంపుతుంది. హెచ్‌డీ నాణ్యతతో పంపే వీలు 2023 ఆగస్టులో వచ్చినా అడిగి ఎంచుకుంటేనే అది పని చేస్తుంది. ఈ కుదింపుకు వాడే జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిది చుక్కల చదరాలుగా కోసి, ఒక్కో చదరంలోని సన్నటి తేడాలను పారేస్తుంది. ఆకాశం, నీరు, ముఖం వంటివాటిలో ఈ నష్టం కంటికి తెలియదు, ఎందుకంటే వాటిలో రంగు మెల్లగా మారుతుంది. అక్షరం అంచు దగ్గర రంగు ఒక్కసారిగా మారుతుంది. అక్కడే ఈ పద్ధతి చెడగొడుతుంది. రంగు వివరాన్ని వెలుగు వివరం కంటే ఎక్కువగా తగ్గించడం వల్ల నీలం మీద ఎర్రటి అక్షరాల వంటివి మొదట పాడవుతాయి. ఒకరు స్క్రీన్‌షాట్ తీసి పంపినదాన్ని మరొకరు మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపులో పెడితే, ప్రతి మజిలీలోనూ వత్తులు కొంచెం కొంచెంగా కరిగిపోతాయి.

ఎండ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముదురు నీలం నేల మీద తెల్లటి అక్షరాల స్లైడు చీకటి గదిలో అందంగా ఉంటుంది. పట్టపగలు చెరువు గట్టు మీద ఆ ముదురు నేల అద్దంలా పని చేసి, చదివేవారి ముఖాన్నీ వెనకున్న కొబ్బరి మట్టలనూ చూపిస్తుంది. తెల్లటి నేల మీద నల్లటి అక్షరాలు ఆ ప్రతిబింబాన్ని చాలావరకు మింగేస్తాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ కంటికి సంబంధించినవి. వీటన్నిటికంటే పెద్ద లోటు మాటది. స్లైడు మీద 'నీరు తీసి మందు – పిలక దశ' అని ఉంటుంది. చూపించినప్పుడు అధికారి దాన్ని విప్పి చెబుతారు: ముందు చేలో నీళ్లు తీసేయాలి, మందు పిచికారి దుబ్బు మొదట్లో తగలాలి, మర్నాడు మళ్లీ నీరు పెట్టాలి. ఆ మాటలు గోడ మీద లేవు, ఫైలులోనూ లేవు. ఉపన్యాసకుల కోసం రాసుకునే నోట్సు అరను ఎవరో నింపినా, పీడీఎఫ్ చేసేటప్పుడు అది మామూలుగా జారిపోతుంది. నెలన్నర తర్వాత మిగిలేది పూర్తి క్రియ లేని మూడు ముక్కలు. 'నీరు తీసి మందు' అన్నది నీరు తీశాక మందు కొట్టమనా, తీసిన నీటిలో మందు కలపమనా అన్న సందేహం సమావేశానికి రాలేకపోయినవారికి తప్పకుండా వస్తుంది.

మాట లేని స్లైడు ఎంత దూరం తీసుకెళ్లగలదో చెప్పే ఘటన ఒకటి చరిత్రలో ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూవాతావరణంలోకి తిరిగి ప్రవేశిస్తూ కూలిపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, ప్రయోగ సమయంలో రెక్కకు తగిలిన నురుగు ముక్క ఎంత నష్టం చేసి ఉంటుందో ఇంజినీర్లు స్లైడ్ల రూపంలో పై అధికారులకు నివేదించారు. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన దర్యాప్తు సంఘం నివేదిక ఆ స్లైడ్లలో ఒకదానిని ప్రత్యేకంగా పరిశీలించింది. అసలైన అనిశ్చితి కింది వరుసల్లో, చిన్న అక్షరాల్లో, కుదించిన మాటల్లో దాగిపోయిందని, దాన్ని చదివిన పై అధికారికి అది ప్రాణాల మీది విషయమని తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదని పేర్కొంది. అక్కడ తెర పెద్దదే, చదివినవారు నిపుణులే. అయినా ముక్కలు ముక్కలుగా రాసిన పద్ధతి విషయాన్ని దాచింది. తెర చిన్నదై, చదివేవారికి ఆ రంగపు పరిభాష కొత్తదైనప్పుడు ఆ పద్ధతి ఇంకెంత దాస్తుందో ఊహించవచ్చు.

చేయగలిగిన పని అంత పెద్దదేమీ కాదు. గోడకు ఒక ఫైలు, ఫోనుకు ఒక ఫైలు అని రెండుగా చేసుకోవాలి. ఒకే పవర్‌పాయింట్ ఫైలులో కొన్ని స్లైడ్లు నిలువుగా, కొన్ని అడ్డంగా పెట్టడం కుదరదు కనుక రెండు ఫైళ్లు తప్పనిసరి. రెండవదానికి స్లైడు కొలతలను తారుమారు చేసి 7.5 అంగుళాల వెడల్పు, 13.33 అంగుళాల ఎత్తుగా పెడితే, ఫోను తిప్పకుండానే అడ్డంగా తిప్పినప్పుడు వచ్చేంత పెద్ద అక్షరం వస్తుంది. అందులో 32 పాయింట్లు వాడితే తెర మీద పదకొండు పాయింట్లు దాటుతుంది, చత్వారం ఉన్నవారూ చెయ్యి కొంచెం చాపి చదవగలుగుతారు. ఒక స్లైడుకు ఒక తెగులు, ఒక దగ్గరి ఫొటో, ఒక మందు, ఎకరానికి ఒక అంకె. అంతకు మించి పెట్టకూడదు. పట్టికలను ముక్కలు చేయాలి. వరద హెచ్చరికలైతే మూడు మట్టాలకు మూడు స్లైడ్లు ఉండి, ఆ అంకె తెర సగాన్ని ఆక్రమించాలి. తయారు చేసేవారు తమ పెద్ద కంప్యూటరులోనే స్లైడును 20 శాతానికి కుదించి చూసుకుంటే, అవతలివారు నిలువు ఫోనులో ఏం చూస్తారో రమారమి తెలుస్తుంది. ఇది అరనిమిషం పని. ఎందుకో గాని ఇంత సులువైన పరీక్షను చేసేవారు అరుదు.

వేళ్లతో సాగదీసి చూసుకోవచ్చు కదా, ఇంత శ్రమ ఎందుకు అన్న వాదన ఉంది. సాగదీసినప్పుడు అక్షరం పెరుగుతుంది, నిజమే. కానీ పట్టికలో ఒక గడిని పెద్దది చేస్తే దాని పై శీర్షిక తెర దాటిపోతుంది. 2 అన్న అంకె కనబడుతుంది, అది మిల్లీలీటర్లో గ్రాములో చెప్పే మాట కనబడదు. పక్కకు జరిపి శీర్షిక చూసి మళ్లీ వెనక్కి వచ్చేసరికి వరుస తప్పుతుంది. పైగా సాగదీయడానికి రెండు చేతులు కావాలి, అవి పొడిగా ఉండాలి. రొయ్యలకు మేత చల్లి, అవి తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రే ఎత్తి చూస్తున్నవాడి చేతులు ఎలా ఉంటాయో చెరువు చూసినవారికి తెలుసు. తడి వేలి స్పర్శను తెర సరిగా గుర్తించదు.

విద్యార్థుల సంగతి కొంత వేరు. పాలకొల్లు నుంచో ఆకివీడు నుంచో భీమవరం కళాశాలలకు బస్సులో వెళ్లే పిల్లలు అధ్యాపకుల స్లైడ్లను ఫోనులోనే చదివి పరీక్షలకు వెళతారు. వారి కన్ను చురుకైనది, ఇంగ్లిషు అక్షరాలు కుదింపును తట్టుకుంటాయి, తరగతిలో విన్న మాట చెవిలో ఉంటుంది. వారికి తగిలే దెబ్బ సమీకరణాల పైనున్న చిన్న ఘాతాంకాల దగ్గర, విద్యుత్ వలయ చిత్రాల్లోని విలువల దగ్గర. మిగిలినది ఎలాగో నెట్టుకొస్తారు.

ఊళ్లలో ఫోను స్లైడును తరచుగా ఒక్కరే చదివి నలుగురికి వినిపిస్తారు. తండ్రి ఫోనులో వచ్చిన ఫైలును కొడుకు తెరిచి పైకి చదువుతాడు. అరుగు మీద కూర్చున్న మరో ఇద్దరు వింటారు. అప్పుడు స్లైడు మీది బాణం గుర్తు ఎలా చదవాలి? 'మి.లీ./లీ.' అన్నదాన్ని నోటితో ఏమని పలకాలి? ఎర్ర రంగు పూసిన గడి ప్రమాదానికి గుర్తు అన్నది చెవికి ఎలా చేరుతుంది? చూపు తక్కువైనవారి కోసం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్న చదివి వినిపించే సౌకర్యానికి కూడా ఇవే చిక్కులు. అది యూనికోడ్ తెలుగును చదవగలదు, అను ఫాంటులోని గందరగోళాన్ని చదవలేదు. 'చేలో నీరు తీసేసి, లీటరు నీటికి రెండు మిల్లీలీటర్ల చొప్పున మందు కలిపి, దుబ్బు మొదళ్లు తడిసేలా పిచికారి చేయండి' అని పూర్తి వాక్యంగా రాసిన స్లైడు గోడ మీద నిండుగా, కొంచెం బరువుగా కనబడవచ్చు, శిక్షణ ఇచ్చేవారికి అది నచ్చకపోవచ్చు. పైకి చదివినప్పుడు అది ఒక మనిషి చెప్పిన మాటలాగే వినబడుతుంది. అటువంటి వాక్యాలతో చేసిన నిలువు స్లైడ్ల వెంట, అధికారి గొంతుతో రెండు నిమిషాల వాయిస్ మెసేజి కూడా అదే గ్రూపులో పెడితే, గది దాటి బయటికి వచ్చేటప్పుడు స్లైడు పోగొట్టుకున్న మాట చాలావరకు దానికి తిరిగి దక్కుతుంది.